ఆరాధన మధ్యలో ఆపేసిన చికెన్ కూర

2011. శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలై మూడేళ్ళు గడిచాయి. విమానాశ్రయానికి దగ్గరలో ఉన్న ఒక ఫ్లైట్ కిచెన్‌లో నేను హైజీన్ ఆఫీసర్‌ని. ఫ్లైట్ కిచెన్ అంటే విమానాల్లో పెట్టే భోజనం తయారయ్యే వంటశాల. మైక్రోబయాలజీలో బీఎస్సీ చదివి వంటింట్లో తేలావేమిటని మా బంధువులు వెక్కిరించేవాళ్ళు. మీరు కిటికీ పక్కన కూర్చుని మబ్బులు చూస్తూ తినే అన్నానికి కాపలా కాసేది నేనేనని, నేను ఒక్కరోజు కళ్ళు మూసుకుంటే మీరు కిటికీ వదిలి టాయిలెట్ దగ్గర క్యూ కట్టాల్సి వస్తుందని చెప్పి నోళ్ళు మూయించేదాన్ని.

మా పని గురించి బయటివాళ్ళకు తెలియని సంగతి ఒకటుంది. విమానంలో ఎవరూ వంట చేయరు. కింద ముందురోజే వండి, చల్లార్చి, చల్లగా దాచి, మర్నాడు ట్రేలలో సర్ది పంపిస్తాం. పైన కేవలం వేడి చేస్తారు. కాబట్టి మా వంటశాలలో అసలు కష్టం వండటంలో లేదు, చల్లార్చటంలో ఉంది. వేడి తగ్గిపోయి, చల్లదనం ఇంకా పట్టని ఆ గోరువెచ్చని మధ్యకాలాన్ని మేము డేంజర్ జోన్ అంటాం. సూక్ష్మక్రిములకు అది పెళ్ళిభోజనాల వేళ. అవి ఎంతసేపు ఉంటే అంత పెరుగుతాయి. వాటిలో కొన్ని వదిలే విషం మళ్ళీ వేడి చేసినా పోదు.

అందుకే బ్లాస్ట్ చిల్లర్ అనే యంత్రం. బీరువా అంత ఎత్తు ఉంటుంది. లోపల చలిగాలి హోరుమని కొడుతుంది. పొయ్యి మీద నుంచి దింపిన కూరను అందులో పెడితే త్వరత్వరగా ఆ గోరువెచ్చని ప్రమాదం దాటించేస్తుంది. కూర నడిమధ్యలోకి ప్రోబ్ అనే పొడవాటి సూది గుచ్చి, వేడి ఎంత దిగిందో చూస్తూ, టైముతో సహా కాగితం మీద రాస్తూ ఉండాలి. చివరికి చల్లబడిందా అన్నది చిన్న ప్రశ్న. ఎంతసేపట్లో చల్లబడింది అన్నది పెద్ద ప్రశ్న. అనుమానం వస్తే ఎర్ర స్టిక్కర్ అంటిస్తాం. దాన్ని హోల్డ్ అంటాం. హోల్డ్ పడిన ఆహారాన్ని నేను చెప్పేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఆ స్టిక్కర్ చేతిలో పట్టుకుని నడుస్తుంటే చెఫ్‌ల ముఖాలు అప్పుల వాణ్ణి చూసినట్టు మారిపోయేవి. నాకు మాత్రం అది చేతిలో ఉంటే నిటారుగా నడవాలనిపించేది.

ఆ బ్లాస్ట్ చిల్లర్ దగ్గర మధ్యాహ్నం షిఫ్టులో పనిచేసేది కరుణ. ముప్పై దాటని మనిషి. సొంతూరు మంఖాల్. భర్త ఆటో నడుపుతాడు, ఇద్దరు ఆడపిల్లలు, శంషాబాద్‌లో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాళ్ళు. కాంట్రాక్టు కింద చేరి కష్టపడి పని నేర్చుకుంది. వచ్చే నెలలో పర్మనెంట్ చేస్తామని మేనేజర్ మాట ఇచ్చి ఉన్నాడు. పర్మనెంట్ అయితే రోగమొస్తే వైద్యం ఉంటుంది, వచ్చే నెల ఉద్యోగం ఉంటుందా అన్న దిగులు ఉండదు. ఆమె ఆశంతా ఆ ఒక్క మాట మీదే ఉందని కిచెన్లో అందరికీ తెలుసు.

కరుణదీ నాదీ ఒకటే సంఘం. శంషాబాద్‌లో రేకుల షెడ్డు కింద నడిచే చిన్న చర్చి. చెప్పులు బయట విడిచి, చాపల మీద ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు కూర్చుంటాం. కిచెన్లో నన్ను మేడం అనే కరుణ చర్చిలో అక్కా అనేది. ఆ రెండు పిలుపుల మధ్య గోడ ఉందని అప్పటిదాకా మేమిద్దరం అనుకున్నాం.

ఆ ఆదివారం పాటలు అయ్యాక సాక్ష్యాల సమయం వచ్చింది. మా సంఘాల్లో ఇది ముఖ్యమైన భాగం. ఆ వారంలో దేవుడు తమకు చేసిన మేలును ఎవరైనా లేచి నిలబడి చెప్పవచ్చు. ఒకాయన తన గేదె దొరికిందని చెప్పాడు. ఒకావిడ అల్లుడు తాగుడు మానాడని చెప్పింది. దీన్ని కిందటేడు కూడా చెప్పింది, సరే. తర్వాత కరుణ కొంగు తల మీదికి లాక్కుని లేచింది.

"అందరికీ వందనాలు," అంది. "నిన్న నా పనికాడ దేవుడు గొప్ప కార్యం చేసిండు. నాతోని పనిచేసే యాదమ్మ కొడుక్కు జ్వరమొచ్చిందంటే, జర ప్రార్థన చెయ్ అక్కా అంటే, బట్టలు మార్చుకునే రూముల కూసోని ప్రార్థన చేసినం. నేను ప్రార్థనల ఉన్నప్పుడు కరెంటు పోయొచ్చి నా మిషన్ బందయింది. నాకు తెల్వదు. వచ్చి చూస్తే కూర ఇంకా వెచ్చగనే ఉన్నది. నాకు కాళ్ళు చేతులు ఆడలే. వచ్చే నెల పర్మనెంట్ అయ్యేదున్నది. మిషన్ మళ్ళ చాలు చేసి, దాని మీద చెయ్యి పెట్టి ఏడ్సుకుంట ప్రార్థన చేసిన. షిఫ్టు అయిపోయేటాలకు కూర మంచిగ చల్లగయింది. చెక్ చేసేటాయన సూది గుచ్చి చూసి పాస్ చేసిండు. ఎవ్వరు ఒక్క మాట అడగలే. నా నౌకరిని దేవుడు కాపాడిండు."

స్తోత్రం, స్తోత్రం అని షెడ్డంతా మోగింది. నా పక్కనున్న ఆవిడ కళ్ళు తుడుచుకుంది. నేను మాత్రం ఆ కూర ఎక్కడికి పోతుందో లెక్క వేసుకున్నాను. ఆ కూర సాయంత్రం విమానాలకు వెళ్ళేది. చిన్నపిల్లలు తింటారు, గర్భిణులు తింటారు, గుండెజబ్బు మనుషులు తింటారు. పైకి వెళ్ళాక దవాఖాన ఉండదు.

కూర్చున్నచోటు నుంచే అడిగాను. "కరుణా, మిషన్ ఎంతసేపు బంద్ ఉన్నది?"

స్తోత్రాలు ఆగిపోయాయి. కరుణ అప్పటిదాకా నన్ను చూడలేదనుకుంటాను. చూసింది. రంగు మారింది.

"అక్కా, నాకు సమజ్ కాలే. యాదమ్మ ఏడుస్తుంటే జర ఎక్కువసేపే కూసున్నం."

మా పాస్టర్ గారిది కోస్తా వైపు. మెత్తగా, పుస్తకంలా మాట్లాడతారు. మేమంతా అయ్యగారు అంటాం. ఆయన చెయ్యి ఎత్తి, "అమ్మా ప్రమీలా, సాక్ష్యం మధ్యలో ప్రశ్నలు అడగటం పద్ధతి కాదు. ఇది దేవుని సన్నిధి. ఆఫీసు సంగతులు ఆఫీసులో చూసుకోవచ్చు," అన్నారు.

"ఆఫీసు సంగతి నేను తేలేదండి అయ్యగారూ. సాక్ష్యంలోనే వచ్చింది. దానికి మీరందరూ స్తోత్రం కూడా చెప్పేశారు," అని లేచి, ఫోను తీసుకుని బయటికి నడిచాను.

కిచెన్లో ఆ రోజు డ్యూటీలో ఉన్నది చెఫ్ అనిల్. "నిన్న మధ్యాహ్నం షిఫ్టు చికెన్ కూర ఎక్కడుంది?" అని అడిగాను.

"కోల్డ్ రూమ్‌ల ఉంది మేడం. సగం ట్రేలల్ల సర్దుతున్నరు."

"సర్దిన ట్రేలతో సహా మొత్తం హోల్డ్ పెట్టు. ఒక్క ముక్క కదలొద్దు."

"ఎందుకు మేడం? పాస్ అయిన మాల్ అది. సాయంత్రం ఫ్లైట్లకు గదే ఉంది. మీరు చర్చిల గదా ఉన్నరు? అక్కడి నుంచి హోల్డ్ ఏంది? దేవుడు చెప్పిండా?"

"అట్లనే అనుకో. కొత్తది వండటం మొదలుపెట్టు, టైము ఉంది. నేను వస్తున్న."

అనిల్ ఏదో గొణిగాడు కానీ హోల్డ్ పెట్టాడు. ఆ విషయంలో వాణ్ణి మెచ్చుకోవాలి. తిట్టుకుంటూనే పని సరిగ్గా చేసే రకం.

తిరిగి చూస్తే ఆడవాళ్ళంతా గుమ్మం దగ్గరికి వచ్చేశారు. ముందు మార్తమ్మ. సంఘంలో పెద్దావిడ. ఆమె మాటకు పాస్టర్ గారి భార్య కూడా ఎదురు చెప్పదు.

"నీకు సదువు ఎక్కువైంది బిడ్డా," అంది. "దేవుడు చేసిన కార్యానికి గూడ ఎంతసేపు, ఎంత వేడి అని అడుగుతవా? పాపం ఆ పిల్ల ఉద్యోగం ఊడగొడ్తవా? నీ అసొంటోళ్ళు ఉండబట్టే ఆశీర్వాదం వచ్చింది వచ్చినట్టే పోతది."

"ఆ కూర నీ మనవరాలికి పెడతవా మార్తమ్మా?"

"నా మనవరాలు ఇమానంల ఎందుకు పోతది?"

"పోయేటోళ్ళకు గూడ అమ్మమ్మలు ఉంటరు."

మార్తమ్మ కొంగు సర్దుకుంది. ఆమె వెనక నుంచి కరుణ వచ్చింది. ఏడుస్తోంది.

"అక్కా, నా నౌకరి పోతది. నువ్వే జర ఎట్లనన్న చెయ్యి. మిషన్ ఖరాబైందని చెప్పు. నా పేరు చెప్పకు."

"నేను అబద్ధం చెప్ప. నిన్న నువ్వు ఆడిన అబద్ధం చాలు. చిల్లర్ కాగితం మీద ఏం రాసినవు?"

"టైముకే చల్లారిందని రాసిన."

"ఇగ చూడు. నేను పోయి చెప్తే నిన్ను పట్టుకున్నట్టయితది. నువ్వు వచ్చి చెప్తే నువ్వు చెప్పినట్టయితది. నౌకరి ఉంటదో పోతదో నాకు తెల్వదు. పోవచ్చు గూడ. కని కిచెన్ల నీ మాటకు విలువ ఉండాలంటే ఈ ఒక్క తొవ్వనే ఉంది."

"మరి దేవుడు కాపాడిండు అనుకున్న గద అక్కా. అది అబద్ధమా?"

ఫోను బ్యాగులో పెట్టి ఆమె వైపు తిరిగాను. "కాపాడిండేమో. కాపాడింది నువ్వు అనుకున్నదాన్ని కాదు. నీ తప్పును దాచిపెట్టేటట్టు చేసేవాడైతే, ఇంతమంది మధ్యల, నా ముందల, నీ నోటితోనే ఎందుకు చెప్పిస్తడు? ఆ కూర ఇంకా ఎవ్వరూ తినలేదు. అది చూడు."

కరుణ కొంగుతో ముఖం తుడుచుకుంది. "చెప్పులు ఏడ ఇడిసిన్నో," అని వెతుక్కుని, నాతో ఆటో ఎక్కింది.

మా యూనిట్ మేనేజర్ వర్మ గారు విశాఖ మనిషి. ఆదివారం ఇంట్లో ఉన్నాయన్ని పిలిపిస్తే టీషర్టులోనే వచ్చారు. కరుణ నిలబడి, తల మీది కొంగు కూడా తీయడం మర్చిపోయి, జరిగిందంతా చెప్పింది. ప్రార్థనకు వెళ్ళడం, మిషన్ ఆగడం, అబద్ధపు అంకె వేయడం, అన్నీ. ఎక్కడా యాదమ్మ మీదికి నెట్టలేదు. అది నేను గమనించాను.

వర్మ గారు ఆమెను బయటికి పంపి తలుపు వేశారు.

"ఇంకేముంది ప్రమీల గారూ. రేపట్నుంచి రావద్దని చెప్పేయండి. డ్యూటీ వదిలేసింది. తప్పుడు రీడింగ్ రాసింది. కాంట్రాక్టు మనిషి, పెద్ద గొడవేం ఉండదు."

"గొడవ ఉంటుందండి. నేను ఉన్నాను కదా."

ఆయన నా వైపు అలసటగా చూశారు. "మీ చర్చి మనిషని వెనకేసుకొస్తున్నారా?"

"మా చర్చిలో అడగండి. నన్ను ఇప్పుడు బహిష్కరించేట్టున్నారు. నేను చెప్పేది వినండి. ఆమె డ్యూటీ వదిలింది, శిక్ష వేయండి. అబద్ధం రాసింది, దానికి ఇంకా పెద్ద శిక్ష వేయండి. నేను అడ్డం రాను. కానీ నిజం చెప్పినందుకు తీసేయకండి."

"రెండూ ఒకే మనిషి చేసింది కదండీ."

"అందుకే రెండిటికీ లెక్క కట్టండి. ఒకదానికే కడితే ఎలా? ఇవాళ ఈమెను పంపించేస్తే, రేపు ఏ చిల్లర్ ఆగినా మీకు చెప్పేవాడు ఉండడు. నోరు విప్పితే ఉద్యోగం పోతుందని ఈ సాయంత్రానికల్లా అందరికీ తెలుస్తుంది. అప్పుడు ఆగిన చిల్లర్ సంగతి మనకు తెలిసేది ఎక్కడ? ఏదో ఊరి ఆసుపత్రిలో. నాకు తప్పు చేయని మనుషులు దొరకరండి. చేసింది చెప్పే మనుషులు ఉంటే చాలు, ఈ కిచెన్ నడిపిస్తాను."

చాలాసేపు వాదించాం. ఆయన చెడ్డమనిషి కాదు. పై ఆఫీసుకు జవాబు చెప్పుకోవాల్సిన మనిషి. చివరికి తేల్చింది ఇదీ. కరుణను చిల్లర్ నుంచి తీసేసి పాట్ వాష్‌లో వేస్తారు. పాట్ వాష్ అంటే మనిషి పట్టేంత గిన్నెలు, డేక్షాలు తోమే చోటు, కిచెన్లో అందరికంటే కష్టమైన పని. పర్మనెంట్ మాట ఒక ఏడాదిదాకా ఎత్తకూడదు. ఏడాది తర్వాత కూడా చేస్తామన్న హామీ ఏమీ లేదు. ఇష్టమైతే ఉండవచ్చు.

బయటికి వచ్చి కరుణకు చెప్పాను. ఆమె తల ఊపి, "అంటే నౌకరి ఉన్నట్టేనా?" అంది.

"ఉన్నట్టే. చేతులు మాత్రం ఉండవు."

అంత ఏడుపులోనూ నవ్వింది.

గేటు బయట ఎండలో అయ్యగారు స్కూటర్ పక్కన నిలబడి ఉన్నారు. ఆరాధన ముగించి నేరుగా వచ్చారట. పాస్ లేదని సెక్యూరిటీ లోపలికి రానీయలేదు. పాపం తెల్లచొక్కా ఒంటికి అంటుకుపోయింది. ఆయన ముందు కరుణను అడిగారు, ఏం జరిగిందని. విన్నాక ఆమె తల మీద చెయ్యి పెట్టి చిన్న ప్రార్థన చేశారు. తర్వాత నా వైపు తిరిగారు.

"నువ్వు మధ్యలో లేచి వెళ్ళినందుకు నాకు బాధ కలిగిందమ్మా. ఆరాధన అక్కడితో చెదిరిపోయింది."

"నాకట్లా అనిపించలేదండి. ఆరాధన షెడ్డులోంచి లేచి ఇక్కడిదాకా వచ్చింది. మీరు కూడా వచ్చారు."

ఆయన నుదుటి చెమట తుడుచుకుని, "నేను ఆ సాక్ష్యానికి స్తోత్రం చెప్పానమ్మా. ఏం చెప్తోందో సరిగా వినకుండానే చెప్పాను," అన్నారు.

"మీకు చిల్లర్ సంగతి తెలియదు కదా."

"చిల్లర్ తెలియకపోవచ్చు. ఎవరూ ఒక్క మాట అడగలేదు అని ఆమె సంతోషపడినప్పుడు నేనైనా అడిగి ఉండాల్సింది."

నాతో వాదించి ఓడిపోయినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాదన వదిలేసి నాకంటే మంచి మాట చెప్పినవాళ్ళు తక్కువ. అయ్యగారు ఆ తక్కువమందిలో ఒకరు.

ఆ వారంలో ల్యాబ్ రిపోర్టు వచ్చింది. పారేసే ముందు కూర నమూనా పరీక్షకు పంపాం. నాకు అనుకూలంగా వచ్చిందని మీరనుకుంటారు. రాలేదు. కూర బాగానే ఉంది. క్రిములు పరిమితికి లోపలే ఉన్నాయి. చెఫ్ అనిల్ నా టేబుల్ ముందు నిలబడి, "మంచి కూర మేడం. చెత్తల పోసినం," అన్నాడు. ఆదివారం మార్తమ్మకు ఎలాగో తెలిసింది. "చూసినవా? ప్రార్థన పనిజేసింది. నువ్వే నమ్మలే," అంది, గెలిచినట్టు.

వాళ్ళిద్దరికీ ఒకటే జవాబు చెప్పాను. కళ్ళకు గంతలు కట్టుకుని ఆరాంఘర్ చౌరస్తా దాటి, బస్సు కింద పడలేదు కాబట్టి రేపు కూడా అట్లనే దాటుతానంటే ఒప్పుకుంటారా? ఆ రోజు ఆ కూర బాగుండటం దేవుడి దయ కావచ్చు. తెలియని కూరను ఇంకొకరి పిల్లల నోట్లో పెట్టకపోవటం నా పని. ఆయన పనిలో నేను వేలు పెట్టను, నా పనిని ఆయన మీద వేయను. అనిల్ నవ్వేశాడు. మార్తమ్మ మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేదు. ఆ మాట మీద మాకు ఇంకా పంచాయితీ నడుస్తూనే ఉంది.

చర్చిలో ఒక మార్పు వచ్చింది. ఎవరైనా సాక్ష్యం చెప్పాక అయ్యగారు మెత్తగా ఒక ప్రశ్న వేసేవారు. "దీనివల్ల ఇంకెవరికైనా నష్టం జరిగిందా అమ్మా?" అని. గేదె దొరికినాయన లాంటివాళ్ళకు ఇబ్బంది లేదు. తక్కువ ధరకు స్థలం దొరికిందని సాక్ష్యం చెప్పిన ఒకాయన మాత్రం ఆ ప్రశ్నకు నీళ్ళు నమిలి, అది తన తమ్ముడి వాటా అని ఒప్పుకుని కూర్చున్నాడు. కొన్ని వారాల పాటు సాక్ష్యాలు బాగా తగ్గిపోయాయి. వచ్చినవి మాత్రం వినదగ్గవిగా ఉండేవి.

కరుణ ఆ ఏడాదిలో ఎక్కువ భాగం పాట్ వాష్‌లో గిన్నెలు తోమింది. మధ్యలో వేడినీళ్ళకు చేతులు పగిలాయి. నేను వెళ్ళినప్పుడల్లా గిన్నె అడుగు తిప్పి చూపించేది, "చూడు మేడం, నీ ముఖం కనపడ్తది," అని. మనుషులు తక్కువైనప్పుడు చిల్లర్ దగ్గరికి తిరిగి పంపారు, నా పూచీ మీద. ఒకసారి నన్ను పక్కకు పిలిచి అడిగింది.

"అక్కా, కండ్లు తెరుచుకుని ప్రార్థన చేస్తే చెల్లదా?"

"ఎందుకు?"

"యాదమ్మోళ్ళు ఇంకా అడుగుతరు, జర ప్రార్థన చెయ్యమని. కండ్లు మూసుకుంటే మిషన్ ఎవ్వరు చూస్తరు? అందుకే ఈడనే నిలబడి, సూది దిక్కు చూసుకుంట చేస్తున్న. మంచిగనే అనిపిస్తుంది. కని తప్పేమో అని."

నేను పాస్టర్‌ని కాదు. అయినా చెల్లుతుందని చెప్పాను. ఆదివారం అయ్యగారిని అడిగితే ఆయన కూడా అదే చెప్పారు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం చిల్లర్ దగ్గర కేకలు వినిపిస్తే వెళ్ళాను. అనిల్ అరుస్తున్నాడు. కరుణ ఒక అన్నం ట్రాలీకి అడ్డంగా నిలబడి ఉంది. ట్రాలీ మీద ఎర్ర స్టిక్కర్. అది ఆమె తనే అంటించింది. తలుపు సరిగ్గా పడక చలి తగ్గిందట, ఎంతసేపో తెలియదట.

"మేడం, చూడున్రి. విమానాలకు పోయే బండి బయట నిలబడ్డది. ఈమె ఇయ్యదంట," అన్నాడు అనిల్.

"ఇయ్య," అంది కరుణ. "నువ్వు ఎంత ఒర్లినా ఇయ్య. ఇంకొకటి వండుకో అన్నా, నేను గిన్నెలు గూడ తోమిపెడ్త."

నేను ప్రోబ్ గుచ్చి చూసి, స్టిక్కర్ అలాగే ఉంచి, వెనక్కి వచ్చేశాను. ఆ నడవలో నాలో నేను ఎంత పొంగిపోయానో ఎవరూ చూడలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు ప్రశంసాపత్రాలు వచ్చాయి, గోడకు ఉన్నాయి. వాటిలో ఏదీ ఆ ఎర్ర స్టిక్కర్ ముందు నిలబడదు.

చిన్నప్పటి నుంచి ఆరాధన అంటే ఆదివారం పాటలు, కానుక, వాక్యం, ఆశీర్వాదం అని నేర్చుకున్నాను. అవి నాకు కావాలి. వాటిని తక్కువ చేసి మాట్లాడితే ఇప్పటికీ కొట్లాడతాను. కానీ ఆదివారం మేము చేతులు ఎత్తి దేవుడికి అప్పగించేది ఏమిటని ఎవరైనా అడిగితే మిగిలిన ఆరు రోజులనే అంటాను. ఆ ఆరు రోజుల్లో చిల్లర్లు ఉంటాయి, గిన్నెలు ఉంటాయి, ఎవరూ చూడకుండా వేసే అంకెలు ఉంటాయి. అప్పగించే వస్తువు పాడైపోయి ఉంటే పాట ఎంత బాగా పాడినా ఏం లాభం? ఇది నేను ఏ ప్రసంగంలోనూ నేర్చుకోలేదు. చికెన్ కూర పారబోసి నేర్చుకున్నాను.

ఏడాది దాటాక కరుణను పర్మనెంట్ విషయంలో పిలిచారు. వర్మ గారి గదిలో పై ఆఫీసు నుంచి వచ్చిన ఒకాయన కూడా కూర్చున్నాడు. నన్నూ కూర్చోమన్నారు. కరుణ కొత్త చీర కట్టుకుని వచ్చింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి పెట్టుకుంది.

పై ఆఫీసు మనిషి అంతా చదివి వచ్చినట్టున్నాడు. నేరుగా అడిగాడు. "కిందటేడు అంత పెద్ద తప్పు చేశావు. ఇంకెప్పుడూ చేయనని చెప్పగలవా?"

చెప్పవే తల్లీ అనుకున్నాను. ఒక్క మాట. ఎవరైనా చెప్పే మాట. ఉద్యోగం ఆ మాట మీదే ఆగి ఉంది.

కరుణ వెనక్కి పెట్టుకున్న చేతులు ముందుకు తెచ్చింది.

"చెయ్యొచ్చు సార్," అంది. "మనిషిని గదా. దాచిపెట్ట మాత్రం."

ఆయన వర్మ గారి వైపు చూశాడు. వర్మ గారు నా వైపు చూశారు. నేను ఏదైనా అంటానేమోనని ఆగారు. ఆ ఒక్కసారి నేను నోరు మెదపలేదు. అంతకంటే బాగా చెప్పడం నాకు రాదు. పై ఆఫీసు మనిషి పెన్ను తీసి సంతకం పెట్టాడు.